పాత క్యాసెట్లు, గ్రామఫోన్ రికార్డులు కంప్యూటర్‌లోకి: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

క్యాసెట్‌ని డిజిటల్ చేయడమంటే రెండు పనులు. టేపు మీద ఉన్నదాన్ని సరిగ్గా చదవడం ఒకటి, చదివినదాన్ని ఫైలుగా మార్చడం ఇంకొకటి. రెండో పని ఇప్పుడు చాలా చవక. చిన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె కూడా క్యాసెట్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువే పట్టుకుంటుంది. చిక్కంతా మొదటి పనిలోనే ఉంది. అరిగిన హెడ్డు (టేపును చదివే భాగం), సాగిన బెల్టు, కొలత తప్పిన ముల్లు చేసే నష్టాన్ని ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. కాబట్టి ఎన్ని బిట్లు, ఎన్ని కిలోహెర్ట్జ్ అన్న చర్చ పక్కన పెట్టి, మీ చేతిలో ఉన్న డబ్బును టేపు తిప్పే యంత్రం మీద, రికార్డు తాకే ముల్లు మీద పెట్టండి. ఇక్కడ పద్ధతులన్నిటినీ ఆ లెక్కలోనే పోల్చాం.

ముందు ఏరుకోండి

60 నిమిషాల క్యాసెట్‌ను ఎక్కించడానికి 60 నిమిషాలు పడుతుంది. దీనికి దగ్గరదారి లేదు. రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్‌లోని హైస్పీడ్ డబ్బింగ్ బటన్ ఇందుకు పనికిరాదు, పైపౌనఃపున్యాలన్నీ అందులోనే పోతాయి. వంద సీ-60 క్యాసెట్లంటే వంద గంటలు. పాటలు విడగొట్టడం, పేర్లు పెట్టడం అదనం. అందుకే పెట్టె తెరవగానే మూడు కుప్పలు చేయండి.

సినిమా పాటల క్యాసెట్లు ఒక కుప్ప. వాటిలో ఎక్కువభాగం కంపెనీలే మాస్టర్ టేపుల నుంచి డిజిటల్‌లో విడుదల చేశాయి, మీరు క్యాసెట్ నుంచి తీసేది దానికంటే మెరుగ్గా ఉండదు. కొట్లో కొన్నవే అయినా ఎక్కడా దొరకని నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలు, ఊరి భజన మండళ్ల క్యాసెట్లు రెండో కుప్ప. మూడోది అసలైనది: ఇంట్లో రికార్డు చేసినవి. పెద్దవాళ్ల గొంతులు, పెళ్లి మేళం, గల్ఫ్ నుంచి ఉత్తరానికి బదులు మాటలు నింపి పంపిన క్యాసెట్లు, రేడియో నుంచి పట్టుకున్న కచేరీలు. వీటికి ప్రపంచంలో రెండో కాపీ ఉండదు. మూడో కుప్ప ఎంతుందో చూసుకున్నాకే పద్ధతి ఎంచుకోండి. మొదటి కుప్పను వదిలేయడానికి మనసు ఒప్పకపోతే చివరికి పెట్టుకోండి.

ఏ పద్ధతైనా మొదలుపెట్టే ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ నాలుకలు విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోదు.

క్యాసెట్లకు ఉన్న నాలుగు దారులు

ఆన్‌లైన్‌లో వాక్‌మన్ ఆకారంలో దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ అందరి కళ్లూ ముందు పడే వస్తువు. వైరు గుచ్చితే చాలు, పని మొదలవుతుంది. అయితే ఇప్పుడు తయారవుతున్న చవక ప్లేయర్లన్నిటిలోనూ ఉండేది దాదాపు ఒకే రకం మెకానిజం: తేలికపాటి ఫ్లైవీల్ (వేగాన్ని నిలబెట్టే చక్రం), ప్లాస్టిక్ భాగాలు. ఫ్లైవీల్‌కు బరువు లేకపోతే టేపు వేగం నిలకడగా ఉండదు. మంచి డెక్‌లో ఈ ఊగిసలాట 0.1 శాతం లోపు ఉంటుంది. వీటిలో 0.3 శాతం, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. మాటల్లో అది తెలియదు. వీణ తీగ మీద నిలిచిన స్వరం, సన్నాయి, హరికథ వెనక హార్మోనియం శ్రుతి వణుకుతూ వినిపిస్తాయి. పైగా చాలా మోడళ్లలో రికార్డింగ్ లెవెల్ తగ్గించే వీలుండదు, గట్టిగా నింపిన టేపు శబ్దం బద్దలైనట్టు వినిపిస్తుంది. యూఎస్‌బీ కరెంటు నుంచి సన్నటి కీచుమోత కూడా లోపలికొస్తుంది. పది లోపు మాటల క్యాసెట్లుండి, ఇంకే దారీ లేకపోతేనే ఇది కొనాలి. సంగీతానికైతే వద్దనే మా మాట.

రెండో దారి ఇంట్లో అటక మీదున్న పాత టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన సెట్టు. 80ల్లో గల్ఫ్ నుంచి వచ్చిన నేషనల్ పానసోనిక్, షార్ప్, సాన్యో సెట్లలో మెకానిజం ఇప్పటి యూఎస్‌బీ ప్లేయర్ల కంటే గట్టిది. బెల్టు మార్పించి, హెడ్డు తుడిస్తే వాటిని సులువుగా మించుతుంది. చిక్కు శబ్దాన్ని బయటికి తీయడంలో వస్తుంది. వెనక లైన్ అవుట్ (వాల్యూమ్‌తో సంబంధం లేకుండా శబ్దాన్ని బయటికిచ్చే సాకెట్) ఉంటే అదే వాడండి. కొన్ని సెట్లలో ఐదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది. అందులో 3, 5 పిన్నులు ప్లేబ్యాక్, 2 గ్రౌండు. ఈ రెండూ లేకపోతే హెడ్‌ఫోన్ జాక్ గతి. వాల్యూమ్ మూడో వంతు నుంచి సగం మధ్య, ఈక్వలైజర్ మీటలన్నీ మధ్యలో, లౌడ్‌నెస్, ఎక్స్‌ట్రా బాస్ లాంటివి ఆఫ్‌లో ఉంచండి.

ఆ వైరును నేరుగా లాప్‌టాప్‌లోకి గుచ్చకండి. ఇప్పటి లాప్‌టాప్‌ల్లో ఉండే ఒకే ఒక్క జాక్ మైకు కోసం పెట్టినది. అది ఒక్క చానల్‌నే తీసుకుంటుంది, హెడ్‌ఫోన్ సిగ్నల్ దానికి మరీ ఎక్కువై బొంగురుపోతుంది. మధ్యలో స్టీరియో లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ పెట్టె తప్పనిసరి. బెహ్రింగర్ యూసీఏ202, యూసీఏ222 లాంటివి చాలు. ఇక స్పీకర్ ముందు మొబైల్ పెట్టి రికార్డు చేయడం అసలు లెక్కలోకి రాదు.

మూడోది, అసలు సరైన దారి, సర్వీసు చేయించిన కాంపొనెంట్ క్యాసెట్ డెక్, అంటే స్పీకర్లు లేకుండా విడిగా వచ్చే టేపు యంత్రం. సోనీ, టెక్నిక్స్, యమహా, డెనాన్, పయనీర్ ఏదైనా ఫరవాలేదు. పాతది కొనేటప్పుడు కంపెనీ కంటే మూడు విషయాలు చూడండి. ఒకటే క్యాసెట్ పట్టేదైతే మేలు. ఆటో రివర్స్ లేనిదైతే ఇంకా మేలు, ఎందుకంటే ఆటో రివర్స్ ఉన్నదాంట్లో హెడ్డు అటూ ఇటూ తిరిగి తిరిగి కోణం నిలబడదు. హెడ్డు మీద టేపు రాసుకున్న చోట వేలిగోటికి తగిలేంత గాడి పడి ఉంటే ఆ డెక్ వదిలేయండి. మూడు హెడ్లు, డిజిటల్ కౌంటర్ లాంటి హంగులకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. మనకు కావలసింది ప్లేబ్యాకే.

ఇరవై ముప్ఫై ఏళ్లు వాడకుండా ఉన్న డెక్‌లో బెల్టు తారులా కరిగి పుల్లీలకు అంటుకుని ఉంటుంది, లేదా సాగి వదులై ఉంటుంది. కరిగిన బెల్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా గీకి తీయకుండా కొత్తది వేస్తే నెలలో జారుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల బెల్టులు దొరుకుతాయి. పాత బెల్టును దారంతో చుట్టి లోపలి చుట్టుకొలత తీసుకెళ్లండి. సాగిన బెల్టయితే అంతకంటే 5 నుంచి 10 శాతం చిన్నది అడగాలి. రబ్బరు రోలర్ గాజులా మెరుస్తుంటే అది టేపును జారవిడుస్తుంది, రీలు నలిపేస్తుంది. పదార్థం గట్టిపడకపోతే సన్నటి ఇసుకకాగితంతో పైపొర తీసి వాడొచ్చు. గట్టిపడితే మార్చాల్సిందే.

నాలుగోది బయట చేయించుకోవడం. దాని సంగతి చివర్లో.

లెక్కగా చెప్పాలంటే, ఇంటి రికార్డింగులు ఇరవై దాటితే మూడో దారి డబ్బు గిట్టుబాటవుతుంది. పని అయ్యాక డెక్‌ను తిరిగి అమ్ముకోవచ్చు కూడా. ఇరవై లోపైతే ఇంటి టూ-ఇన్-వన్‌కు సర్వీసు చేయించి, ఒక యూఎస్‌బీ పెట్టె కొనడం మేలు. రెండు మూడే ఉండి, వాటిలో ఒకటి బూజు పట్టో తెగో ఉంటే బయట ఇవ్వండి.

విదేశాల నుంచి డెక్ తెప్పించుకునేవాళ్లకూ, ఇక్కడి నుంచి అమెరికా పట్టుకెళ్లేవాళ్లకూ ఒక మాట. క్యాసెట్ డెక్‌లలో ఎక్కువగా డీసీ మోటార్లే కాబట్టి వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. పాత టర్న్‌టేబుళ్లలో కొన్నిటికి ఏసీ సింక్రనస్ మోటారు ఉంటుంది. దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి నడుస్తుంది. అమెరికా 60 హెర్ట్జ్ టర్న్‌టేబుల్ ఇక్కడి 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఇక్కడిది అక్కడ ఐదో వంతు వేగంగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయలేదు.

హెడ్ అలైన్‌మెంట్: ఫలితాన్ని నిర్ణయించేది ఇదే

క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. స్టీరియోలో ఒక్కో చానల్‌కు దక్కేది 0.6 మిల్లీమీటర్లే. హెడ్డు మధ్యలోని సన్నటి చీలిక టేపు నడిచే దిక్కుకు సరిగ్గా నిలువుగా ఉండాలి. ఏ కాస్త వాలినా ‘స’, ‘శ’ మొద్దుబారతాయి, తాళాలు, గజ్జెలు మూగబోతాయి. చాలామంది టేపు పాతబడిందనుకుని వదిలేసే మూగతనంలో పెద్ద వంతు ఈ వాలుదే.

హెడ్డు పక్కన రెండు స్క్రూలుంటాయి. స్ప్రింగు ఉన్నది కోణం మార్చేది. తిప్పే ముందు దాని స్థానాన్ని గోళ్లరంగు చుక్కతో గుర్తు పెట్టుకోండి. టేపు నడుస్తుండగా, హెడ్‌ఫోన్‌లో రెండు చానళ్లనూ కలిపి మోనోలో వింటూ, స్క్రూను అటూ ఇటూ పావు చుట్టుకు మించకుండా నెమ్మదిగా తిప్పండి. ఒక చోట శబ్దం ఒక్కసారిగా తేటపడుతుంది. అదే ఆ టేపుకు సరైన కోణం. మోనోలో ఎందుకంటే, కోణం తప్పితే రెండు చానళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వినడానికే మోనో, రికార్డింగు మాత్రం స్టీరియోలోనే చేయాలి.

ఈ కోణం టేపు టేపుకూ మారుతుంది, ఒక్కోసారి ఒకే క్యాసెట్ రెండు పక్కలకూ మారుతుంది. డెక్‌ను సర్వీసువాళ్లు టెస్ట్ టేపుతో ‘కరెక్టు’గా పెట్టిచ్చినా, మీ టేపును అప్పట్లో వంకర హెడ్డుతో రికార్డు చేసి ఉంటే మీరూ అదే వంకరకు తిప్పాలి. ఆ రికార్డు చేసిన సెట్టు ఇంకా బతికుంటే, ఆ ఒక్క బ్యాచ్ క్యాసెట్లకు ఖరీదైన డెక్ కంటే అదే మెరుగ్గా చదవొచ్చు. రెండిట్లోనూ ఐదు నిమిషాలు వేసి చూడండి.

టేపు వెనక సుయ్యిమనే మోతను తగ్గించే డాల్బీ సంగతి చిన్నదే. ఇంటి టూ-ఇన్-వన్‌లో నింపిన టేపులకు డాల్బీ ఉండదు, డెక్‌లో ఆ మీట ఆఫ్ చేయండి. అట్ట మీద డాల్బీ గుర్తున్న క్యాసెట్‌కు మాత్రం బీ రకం ఆన్ చేయండి, అదీ హెడ్డు కోణం సరిచేశాకే. కోణం తప్పి పై శబ్దాలు తగ్గిన టేపుకు డాల్బీ పెడితే ఉన్న కాస్తా పోతుంది.

వేగం, శ్రుతి

క్యాసెట్ వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఇంట్లో నింపిన టేపుల్లో ఈ వేగం అరుదుగా సరిగ్గా ఉంటుంది. బ్యాటరీలు తగ్గుతుండగా రికార్డు చేసినవి మరీ కష్టం. అప్పుడు మోటారు నెమ్మదించింది, కాబట్టి ఇప్పుడు సరైన వేగంలో వేస్తే గొంతు సన్నగా, తొందరగా వినిపిస్తుంది. ఒక పక్క మొదట్లో బాగుండి చివరికొచ్చేసరికి శ్రుతి పైకి పాకుతుంటే కారణం అదే. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘స్లైడింగ్ స్ట్రెచ్’ అనే సాధనం ఇలాంటి మెల్లమెల్లటి మార్పును సరిచేస్తుంది.

కరెంటు మీద రికార్డు చేసిన టేపులో ఒక సాక్షి దాగి ఉంటుంది, వెనక గుయ్యిమనే 50 హెర్ట్జ్ మోత. ఆడాసిటీలో మాటల్లేని చోటును ఎంచుకుని ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ తెరిచి, సైజు 65536 పెట్టి, 150 హెర్ట్జ్ దగ్గర శిఖరం ఎక్కడుందో చూడండి. మూడు రెట్ల దగ్గర చూస్తే చిన్న తేడా కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అది 156 దగ్గర ఉంటే టేపు 4 శాతం వేగంగా నడుస్తోంది, వేగాన్ని 0.962తో గుణించాలి. ఇది మీ డెక్ మోత కాదని నిర్ధారించుకోవడానికి టేపును పాజ్‌లో పెట్టి కూడా ఒకసారి చూడండి, అప్పుడూ కనిపించేది యంత్రానిది. అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మకండి. 90ల్లో దక్షిణాది గ్రిడ్ 50 హెర్ట్జ్ కంటే కిందకి జారి నడిచిన రోజులు తక్కువేం కాదు, ఒకటి రెండు హెర్ట్జ్ తేడాకే శ్రుతి వినిపించేంత మారుతుంది. గాయకుడు ఎన్ని కట్టెల శ్రుతిలో పాడేవాడో తెలిసుంటే, వెనక హార్మోనియమో శ్రుతిపెట్టో ఉంటే, చివరి తీర్పు చెవిదే. అర స్వరం తేడా అంటే సుమారు 6 శాతం వేగం.

పాడైన టేపులు

కిటికీలోంచి చూస్తే రీలు అంచుల మీద తెల్లటి చుక్కలో పొడో కనిపిస్తే అది బూజు. కోస్తా జిల్లాల తేమలో ఇది మామూలే. అలాంటిదాన్ని వెంటనే వేయకండి. బూజు హెడ్డుకు, అక్కడి నుంచి తర్వాతి క్యాసెట్లన్నిటికీ అంటుకుంటుంది. ముందు సిలికా జెల్ పొట్లాలతో మూతగట్టి డబ్బాలో వారం పది రోజులు ఆరబెట్టండి. తర్వాత మాస్కు పెట్టుకుని, ఆరుబయట, పనికిరాని పాత ప్లేయర్‌లో మెత్తటి పొడిగుడ్డ రీలుకు ఆనించి చివరిదాకా చుట్టండి. ఎండలో పెట్టడం, అవెన్‌లో వేడిచేయడం వద్దు. వేడిచేసే పద్ధతి కొన్ని రకాల స్టూడియో స్పూల్ టేపులకు మాత్రమే, క్యాసెట్ డబ్బా దానికే వంగిపోతుంది.

హెడ్డు ఎదురుగా ఉండే చిన్న ప్రెజర్ ప్యాడ్ ఊడిపోయిందా చూడండి. అది లేకుండా వేస్తే శబ్దం మసకగా, తగ్గుతూ పెరుగుతూ వస్తుంది. ఐదు స్క్రూల డబ్బా ఉన్న వేరే క్యాసెట్ ఒకటి కొని, రెండు చక్రాలతో సహా టేపును అందులోకి మార్చడం అన్నిటికంటే నమ్మకమైన మరమ్మతు. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బాలను అతుకు వెంట సన్నటి బ్లేడుతో విప్పాలి, అవి మళ్లీ మూసుకోవు. తెగిన టేపును అతకడానికి 3.81 మిల్లీమీటర్ల స్ప్లైసింగ్ టేపే వాడండి, మెరిసే వైపు అంటించాలి. మామూలు సెల్లోటేపు జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది.

సీ-120 క్యాసెట్లు మరీ పల్చన, సుమారు 9 మైక్రాన్లు. వీటిని రివైండ్ చేసేటప్పుడు తొందరపడకండి. మిగతా అన్నిటినీ ఎక్కించే ముందు చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్, ఒకసారి రివైండ్ చేయండి. చుట్లు సమంగా సర్దుకుంటాయి, పక్క చుట్ల నుంచి అంటుకున్న ముందస్తు ప్రతిధ్వని కూడా కొంత తగ్గుతుంది. ప్రతి నాలుగైదు క్యాసెట్లకోసారి హెడ్డు, క్యాప్‌స్టన్ (టేపును లాగే సన్నటి కడ్డీ) ఆల్కహాల్‌తో తుడవండి. మొబైల్ రిపేరువాళ్లు వాడే 99 శాతం ఐసోప్రొపైల్ అయితే మంచిది. రబ్బరు రోలర్‌కు మాత్రం తడిగుడ్డ చాలు.

ఎల్‌పీలు, ఈపీలు

రికార్డుల్లో ఎంపిక మొదట వినైల్‌దా, లక్కదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 78 వేగం పాతవి లక్కవైతే, నిమిషానికి 33⅓ చుట్ల వేగం ఎల్‌పీలు, 45 వేగం ఈపీలు వినైల్. వాటికి మూడు రకాల యంత్రాలు కనిపిస్తాయి.

సూట్‌కేసు ఆకారంలో వచ్చే, స్పీకర్లు కలిపిన ప్లేయర్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో ఉండే కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) సిరామిక్ రకం. ముల్లు గాడి మీద 5 గ్రాముల చుట్టుపక్కల బరువుతో కూర్చుంటుంది, మంచి యంత్రంలో అది 2 గ్రాములే. ఎక్కించడానికని ఒక్కసారి వేసినా మంచి రికార్డుకు మంచిది కాదు, వచ్చే శబ్దమూ అంతంతమాత్రమే. ఇంట్లో రికార్డు చేయాల్సినవి పదున్నా ఇరవై ఉన్నా దీనికి డబ్బు పెట్టకండి.

మధ్యరకం, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఉన్న యూఎస్‌బీ టర్న్‌టేబుల్. ఎక్కువ మందికి ఇదే సరైనది. ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ యూఎస్‌బీ 33, 45 మాత్రమే తిప్పుతుంది, ముల్లు బరువు మార్చలేం. అదే కంపెనీ ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ ఖరీదెక్కువైనా 78 కూడా తిప్పుతుంది, ముల్లు మార్చుకోవచ్చు, బరువు సరిచేసుకోవచ్చు. ఇంట్లో ఒక్క లక్క రికార్డైనా ఉంటే నేరుగా ఈ రెండో రకానికే వెళ్లండి.

మూడోది, ఇంట్లో మంచి పాత టర్న్‌టేబుల్ ఉంటే దానికి కొత్త ముల్లు, విడిగా ఫోనో ప్రీయాంప్, యూఎస్‌బీ పెట్టె చేర్చడం. ప్రీయాంప్ ఎందుకంటే ముల్లు నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు కింది స్వరాలు తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. దాన్ని తిరిగి సమం చేసే ఆర్‌ఐఏఏ సర్దుబాటు ప్రీయాంప్‌లోనే ఉంటుంది. అది లేకుండా కలిపితే శబ్దం సన్నగా, పీలగా వస్తుంది. రెండుసార్లు పెడితే, అంటే లైన్ మీట మీదున్న టర్న్‌టేబుల్‌ను ఫోనో ఇన్‌పుట్‌కు కలిపితే, బొంగురు పోతుంది. గుయ్యిమనే మోత వస్తే టర్న్‌టేబుల్ గ్రౌండు వైరును ప్రీయాంప్ స్క్రూకు బిగించారో లేదో చూడండి. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే కూడా చాలాసార్లు పోతుంది.

వినైల్ శుభ్రతకు డిస్టిల్డ్ వాటర్‌లో ఐదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక చుక్క గిన్నెల సబ్బు. గాడి వెంట గుండ్రంగా మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్లు వద్దు, ఆరాక మిగిలే సున్నపు పొరే కొత్త చిటపటలు తెస్తుంది.

78లు, అంటే లక్క రికార్డులు

హెచ్‌ఎంవీ, ఓడియన్, కొలంబియా లేబుళ్ల మీద వచ్చిన నాటక పద్యాలు, తొలినాటి సినిమా పాటలు ఇవే. పది అంగుళాలు, పక్కకు మూడు నిమిషాల పైచిలుకు. మన దేశంలో 1960ల చివరిదాకా ఇవి వస్తూనే ఉన్నాయి కాబట్టి ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. తప్పులు ఎక్కువ జరిగేది వీటి దగ్గరే.

మొట్టమొదటిది, ఆల్కహాల్ తగలనివ్వకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పైన చెప్పిన వినైల్ ద్రావణంతో తుడిస్తే గాడి పైపొర చెడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క సబ్బు, వెంటనే ఆరబెట్టడం, అంతే.

రెండోది ముల్లు. ఎల్‌పీ గాడికి పనికొచ్చే ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. 78 గాడికి కావలసింది సుమారు 75. ఎల్‌పీ ముల్లు 78 గాడి అడుగున దుమ్ములో తిరుగుతూ బరబర మాత్రమే చదువుతుంది, ముల్లూ పాడవుతుంది. ఆడియో-టెక్నికా వీఎం95 కార్ట్రిడ్జ్‌కు 78ల కోసం ఎస్‌పీ అనే ముల్లు విడిగా దొరుకుతుంది. అదే కార్ట్రిడ్జ్‌లోకి లాగి గుచ్చుకోవచ్చు. దానికి బరువు సుమారు 5 గ్రాములు కావాలి. ముల్లును మోసే ఆర్మ్ మీది అంకెలు అంతదాకా లేకపోతే చిన్న డిజిటల్ స్టైలస్ గేజ్‌తో తూచండి. కీ ఇచ్చే పాత గ్రామఫోన్‌లో ఉక్కు ముల్లుతో వేసి, హారన్ ముందు మైకు పెట్టడం మాత్రం వద్దు. ఆ ముల్లు వేసిన ప్రతిసారీ గాడిని కొంత అరగదీస్తుంది.

78 వేగం లేని టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లు 45 మీద తిప్పి తర్వాత కంప్యూటర్‌లో వేగం పెంచొచ్చు. ఆడాసిటీ వేగం మార్పులో 45 నుంచి 78కి అని నేరుగా ఎంచుకునే వీలుంది. ఇందులో మెలిక ఒకటుంది. ప్రీయాంప్‌లోని ఆర్‌ఐఏఏ సర్దుబాటు నెమ్మదించిన శబ్దం మీద పనిచేసింది కాబట్టి స్వరాల పాళ్లు తప్పుతాయి. క్రమం ఇది: ముందు ఆర్‌ఐఏఏను తిరగేయాలి, తర్వాత వేగం మార్చాలి, చివర 78కి తగిన సర్దుబాటు పెట్టాలి. అసలు ఆర్‌ఐఏఏ కొలతే 1954లో వచ్చింది. అంతకుముందు కోసిన రికార్డులకు కంపెనీకో కొలత, వాటికి చెవితో కింది స్వరాలు, పై స్వరాలు సరిచూసుకోవాల్సిందే. వంకర తిరిగిన రికార్డులకు 45 మీద తిప్పడం నిజంగా మేలు చేస్తుంది, ముల్లు ఎగరదు.

78లన్నీ మోనోయే అయినా స్టీరియోలోనే ఎక్కించండి. గాడి రెండు గోడల్లో ఒకటి ఎక్కువ అరిగి ఉంటుంది. ఎడమ, కుడి, రెండూ కలిపి, మూడు రకాలుగా విని ఏది తేటగా ఉంటే అది ఉంచుకోవచ్చు. చాలావాటికి రెండూ కలిపితేనే చిటపటలు తగ్గుతాయి, కొన్నిటికి ఒక్క చానలే బాగుంటుంది.

ఫైలు, లెవెల్

48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కనీస ప్రమాణంగా చెప్పేదీ ఇదే. గంటకు సుమారు ఒక జీబీ. 96 కిలోహెర్ట్జ్ పెడితే రెండు జీబీలు, క్యాసెట్‌కు దానివల్ల వినిపించే లాభం లేదు. యూసీఏ202 లాంటి 16 బిట్ పెట్టె ఉన్నా దిగులు పడకండి. మామూలు టేపు హిస్‌కూ (వెనక సుయ్యిమనే మోత), గట్టి శబ్దానికీ మధ్య దూరం 50, 55 డెసిబెళ్లే, 16 బిట్‌లో 96 పడతాయి. లెవెల్ మీద కాస్త శ్రద్ధ కావాలి, అంతే. టేపులో అన్నిటికంటే గట్టి చోటు వేసి, శిఖరాలు మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర ఆగేలా పెట్టండి. 24 బిట్ అయితే మైనస్ 12 కూడా ఫరవాలేదు. ఒకసారి పెట్టాక మధ్యలో ముట్టుకోవద్దు.

విండోస్‌లో ఇన్‌పుట్‌కు ఉన్న ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ అన్నీ ఆపేయండి. అవి మాటల మధ్య శబ్దాన్ని మింగేస్తాయి. పక్కకు ఒక ఫైలుగా మొత్తం రికార్డు చేసి, తర్వాత లేబుళ్లు పెట్టి ముక్కలు చేసుకోండి. మొత్తం ఫైలును వేవ్ లేదా ఫ్లాక్‌లో, ఏ శుభ్రతా చేయకుండా, దాచండి. ఫ్లాక్ అయితే జాగా ఇంచుమించు సగం పడుతుంది, నాణ్యత తగ్గదు. బంధువులకు పంపడానికి ఎంపీ3 కాపీ వేరే తీయండి. హిస్ తగ్గించడం ఎప్పుడూ కాపీ మీదే, అదీ 6 డెసిబెళ్ల లోపు. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడలాడుతుంది. రేపు మెరుగైన సాఫ్ట్‌వేర్ వస్తే మళ్లీ మొదలుపెట్టడానికి ముట్టని ఫైలు ఉండాలి.

అట్ట రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. గొంతులు గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఎవరిదేదో రాయించుకోండి.

బయట ఇచ్చేటట్టయితే అడగాల్సినవి

ధర అడగడం తర్వాత సంగతి. హెడ్డు కోణం ప్రతి టేపుకూ సరిచేస్తారా? డెక్ ఏది? మామూలు వేగంలోనే ఎక్కిస్తారా? వేవ్ ఫైలు, ఏ శుభ్రతా చేయనిది, ఇస్తారా? 78లకు వేరే ముల్లు వాడతారా? మొదటి ప్రశ్నకు ‘మా సాఫ్ట్‌వేర్‌లో క్లియర్ చేస్తాం’ అని జవాబొస్తే వేరే చోటు చూసుకోండి. ఎంపీ3 మాత్రమే ఇస్తామనేవాళ్లకూ అదే మాట. ముందు ఒక్క క్యాసెట్, అదీ రెండో కుప్పలోది, ఇచ్చి చూడండి. మూడో కుప్పలోవి పోస్టులో పంపకండి, చేతికిచ్చి రండి. తప్పదనుకుంటే ఒక్కోసారి కొన్ని మాత్రమే పంపండి.

మీరు చేసిన ఫైళ్లను యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఒక లెక్క తెలిసుండాలి. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. సాహిత్యం, బాణీల హక్కులు వేరే, రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్లదాకా ఉంటాయి. ఇంట్లో వినడానికి చేసుకునే కాపీకి ఈ తలనొప్పి లేదు.

ఎక్కించడం అయ్యాక అసలు క్యాసెట్లను పారేయకండి, ముఖ్యంగా మూడో కుప్పవి. పూర్తిగా రివైండ్ చేసి, అట్టలో నిలువుగా, స్పీకర్లకూ ఎండకూ దూరంగా పెట్టండి. రికార్డులనూ నిలువుగానే ఉంచాలి, ఒకదానిమీద ఒకటి పేర్చితే కింది లక్క రికార్డు పగులుతుంది. ఫైళ్లు రెండు చోట్ల, కనీసం ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు ఇంట్లో ఉంచండి. ఏడాదికోసారి ఆ డిస్కు తెరిచి రెండు మూడు ఫైళ్లు వేసి చూడండి.